రెన్ పిట్టను ముందు చెవితో పట్టుకోండి

కళ్ళతో వెతికితే రెన్ పిట్ట దొరకదు. ఈ మాట నాకు మొదటి ఏడాదే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో. మాది కోనసీమ. ఐర్లాండ్‌లో కెర్రీ కౌంటీలో ఒక వృద్ధాశ్రమంలో 11 ఏళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. కొత్తగా ఇక్కడికొచ్చిన మనవాళ్ళు ప్రతి డిసెంబర్లో ఫోన్ చేసి అడుగుతారు: "అక్కా, క్రిస్మస్ మర్నాడు గడ్డివేషాలు కట్టుకుని డప్పులు కొట్టుకుంటూ తిరుగుతారట, అదంతా ఒక పిట్ట కోసమట, నిజమేనా?" అని. ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఈసారి మొత్తం ఒకచోట రాస్తున్నాను. పిట్టను ఎలా గుర్తుపట్టాలో, దాని కథ పిల్లలకి ఎలా చెప్పాలో, డిసెంబర్ 26న ఈ పండగ జరిగే డింగిల్ ఊరికి వెళ్తే ఏం చేయాలో, వేషగాళ్ళు మీ తలుపే తడితే ఏం చేయాలో అన్నీ ఇందులో ఉన్నాయి.

పేర్లు ముందు తెలుసుకోండి. ఇంగ్లీషులో రాసేది రెన్. కెర్రీ పెద్దవాళ్ళ నోట అది "ర్యాన్". ఐరిష్‌లో "డ్రోలీన్". పండగ పేరు "లా అన్ డ్రోలీన్", అంటే డ్రోలీన్ రోజు. క్రిస్మస్ మర్నాడు క్రైస్తవులకి సెయింట్ స్టీఫెన్ రోజు కాబట్టి మామూలుగా అందరూ స్టీఫెన్స్ డే అంటారు. "బాక్సింగ్ డే" అనకండి, అది పక్క దేశం మాట. ఎవరూ కోప్పడరు గానీ, స్టీఫెన్స్ డే అంటే వాళ్ళ ముఖం వికసిస్తుంది.

పొద దగ్గర పది నిమిషాలు

మా ఆశ్రమంలో ఒక పెద్దాయన ఉండేవారు. డింగిల్‌కి పడమట, ఐరిష్ మాట్లాడే ఊళ్ళలో పుట్టి పెరిగినవారు. చూపు దాదాపు పోయింది. ఒక ఫిబ్రవరి పొద్దున్న టీ ఇచ్చి కిటికీ కాస్త తీస్తే, చెయ్యెత్తి నన్ను ఆపారు. వెనకాల కార్లు పెట్టేచోట ఉన్న కంచెపొదలోంచి ఏదో పాట. గబగబా, చెవులు గింగుర్లెత్తేలా, మధ్యలో గిలక తిప్పినట్టు ఒక గిరగిర, తర్వాత ఠక్కున ఆగిపోయింది. అంతా కలిపి ఐదారు సెకన్లు. "ర్యాన్," అన్నారాయన. నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఎంత చూసినా ఏమీ కనబడలేదు. "నువ్వు కళ్ళతో వెతుకుతున్నావు అమ్మాయ్. అది నోటితో బతికే పిట్ట," అన్నారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదీ. జనవరి నుంచి మే దాకా ఏ పొద్దున్నైనా, ఐవీ తీగ అల్లుకున్న రాతిగోడ గానీ, ముళ్ళ కంచె గానీ, వాగు గట్టు గానీ చూసుకుని పది నిమిషాలు కదలకుండా నిలబడండి. పాట వినబడితే సరే. లేకపోతే "టిక్, టిక్, టిక్" అని గడియారానికి కీ ఇస్తున్నట్టు గట్టి చప్పుడు వినబడుతుంది. అది మిమ్మల్ని తిడుతోందన్నమాట. ఆ చప్పుడు వచ్చినచోటే నేలకి మోకాలెత్తులో చూపు నిలపండి. ఎలుక పాకినట్టు ఏదో గోధుమరంగుది కదులుతుంది. బయటికి వస్తే తిన్నగా, నేలబారుగా, రెక్కలు ఝుమ్మనేలా ఎగిరి పక్క పొదలో దూరిపోతుంది.

గుర్తులు మూడు: నిటారుగా పైకి నిక్కిన పొట్టి తోక, రెక్కల మీద సన్నటి అడ్డచారలు, కంటి పైన లేత కనుబొమ్మ గీత. పొడవు 9, 10 సెంటీమీటర్లు. బరువు అటూ ఇటూగా 9 గ్రాములు. రెండు యూరోల బిళ్ళ 8.5 గ్రాములు ఉంటుంది. ఒక బిళ్ళ అరచేతిలో పెట్టుకుని చూడండి, పిట్ట మొత్తం బరువు అంతే. (ఆ బిళ్ళ జేబులోనే ఉంచుకోండి, 26వ తేదీన పనికొస్తుంది.) మన పెరట్లో ఆకులు కుట్టుకుని గూడు కట్టే పిట్ట గుర్తుందా? అదీ తోక నిక్కబొడుచుకుని, ఒంటికి మించిన గొంతుతో అరుస్తుంది. రెండూ చుట్టాలు కావు గానీ, అది తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఐర్లాండ్‌లో అన్నిటికంటే చిన్న పిట్ట ఇదే అనుకుంటారు. కాదు. అది గోల్డ్‌క్రెస్ట్, నెత్తిన పసుపు గీత ఉంటుంది, సూదిమొన ఆకుల చెట్లలో తిరుగుతుంది. కథల్లో మాత్రం "అందరికంటే చిన్నది" అంటే రెన్నే.

వసంతంలో మగపిట్ట నాచు, ఎండుటాకులతో పక్కన గుండ్రటి వాకిలి ఉన్న బంతిలాంటి గూళ్ళు నాలుగైదు కట్టేస్తుంది. ఆడపిట్ట వచ్చి ఒకటి ఎంచుకుని లోపల ఈకలు పరుచుకుంటుంది. చలికాలం రాత్రి ఎంతో ఇరుకు బొరియలో బోలెడన్ని పిట్టలు ఒకదాని మీద ఒకటి ఒదిగి పడుకుంటాయి. 1969లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో ఒక్క గూటిపెట్టెలో 61 పిట్టలను లెక్కపెట్టారు. వేషగాళ్ళ పాటలో "తాను చిన్నవాడే గానీ తన కుటుంబం పెద్దది" అని ఒక పాదం వస్తుంది. దాని గుడ్లు, గూళ్ళు, చలిరాత్రుల గుంపులు తెలిశాక ఆ పాదం నాకు ఉత్త ప్రాస అనిపించలేదు.

ఆ గొంతే అన్ని కథలకీ మూలం

ఇంటర్నెట్‌లో "రెన్ కనబడితే దీని అర్థం ఇది" అని ఒక్క ముక్కలో తేల్చేసే పేజీలు కుప్పలుగా ఉన్నాయి. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. రాజు, ద్రోహి, జోస్యుడు, ఈ మూడు ముఖాలూ ఒకే పిట్టకి ఉన్నాయి. మూడూ పరస్పరం పొసగవు. నేను విన్నవీ చదివినవీ కలిపి చూసుకుంటే నాకు తట్టింది ఒక్కటే: మూడు చోట్లా పని చేసేది దాని గొంతు. కథలు ఈ వరసలో నేర్చుకుంటే అది మీకే తెలుస్తుంది.

మొదట జోస్యం. 908లో చనిపోయిన కోర్మక్ మాక్ కుల్లెనాన్ అనే బిషప్పు, మన్‌స్టర్ (ఐర్లాండ్ దక్షిణ ప్రాంతం) రాజు కూడా, ఆయన పేరు మీద ఒక పాత ఐరిష్ పదకోశం ఉంది. అందులో ఈ పిట్ట పేరును విడదీసి "డ్రూయిడ్ పిట్ట", అంటే జోస్యం చెప్పే పిట్ట అని అర్థం చెప్పారు. డ్రూయిడ్లంటే క్రైస్తవం రాకముందు అక్కడ ఉన్న పురోహితులు, జ్ఞానులు. వేల్స్ భాషలో "డ్రియు" అన్న ఒక్క మాటకే రెన్ అనీ, జోస్యుడు అనీ రెండర్థాలు. అయితే ఆనాటి పండితులు పదాన్ని ముక్కలు చేసి అర్థం లాగడం మన నిరుక్తాల పద్ధతి లాంటిదే. అందంగా ఉంటుంది, చరిత్రకి సాక్ష్యంగా మాత్రం నిలబడదు. "డ్రూయిడ్లు రెన్‌ను పూజించారు" అని పిల్లల ప్రాజెక్టులో రాయించకండి. "వెయ్యేళ్ళ కిందటి ఐరిష్ పండితులు దీన్ని డ్రూయిడ్ల పిట్ట అనుకున్నారు" అని రాయించండి. అది నిజం.

దీనికంటే నాకు బాగా దగ్గరగా అనిపించింది ఇంకో పాత ఐరిష్ రాత. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ రాతప్రతుల్లో ఉంది. కాకోలం (బొంతకాకి) కూతలకీ, రెన్ కూతలకీ శకునఫలం చెప్పే చిన్న శాస్త్రం అది. రెన్ తూర్పు నుంచి కూస్తే కవులు వస్తున్నారు, లేదా వాళ్ళ కబురు వస్తోంది. నైరుతి నుంచి కూస్తే దొంగలు. వాయవ్యం నుంచి కూస్తే మంచి కులంలో పుట్టిన వీరుడు, మంచి స్త్రీలు వస్తున్నారు. అది చదువుతుంటే నాకు మా అమ్మమ్మ పంచాంగం వెనక పేజీల్లో బల్లిపాటు చూసుకోవడం గుర్తొచ్చింది. గోడ మీద కాకి అరిస్తే బియ్యం గ్లాసు ఎక్కువ పోసేది. పిట్ట దిక్కును బట్టి వచ్చే చుట్టాన్ని ఊహించడం మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మీ పిల్లలకి ఈ పిట్ట గురించి చెప్పాలంటే ఇక్కడే మొదలుపెట్టండి. పొద్దున్న బడికి నడిచేటప్పుడు పాట వినబడితే ఏ దిక్కో కనిపెట్టమనండి. తూర్పైతే కవులు. మా చిన్నది రెండేళ్ళపాటు ప్రతి తూర్పు పాటకీ కవి కోసం రోడ్డు చివరిదాకా చూసేది.

రెండోది రాజు కథ. ఇది చాలామందికి తెలిసిందే. పక్షులన్నీ చేరి ఎవరు అందరికంటే ఎత్తుకి ఎగిరితే వాళ్ళే రాజు అనుకున్నాయి. గద్ద మబ్బులు దాటి వెళ్ళి, ఇంక రెక్క ఆడించే ఓపిక లేక "నేనే రాజుని" అంది. దాని ఈకల్లో దాక్కుని ఎక్కిన రెన్ అప్పుడు బయటికి దూకి, ఇంకో జానెడు పైకెగిరి "కాదు, నేను!" అని అరిచింది. కిందున్న పక్షులకి రెన్ కనబడలేదు, అంత ఎత్తులో ఎలా కనబడుతుంది? గొంతు వినబడింది. కొన్నిచోట్ల ముగింపు ఇంకాస్త ఉంటుంది: కోపంతో గద్ద రెక్కతో కొట్టింది, అందుకే రెన్ ఈనాటికీ కంచె ఎత్తు మించి ఎగరదు.

చెప్పే పద్ధతి: పిల్లని వీపున ఎక్కించుకుని, దుప్పటి కప్పుకుని గదంతా తిరుగుతూ చెప్పండి. మీరు గద్ద. అలసిపోండి, నిజంగా ఆయాసపడండి. "నేనే రాజుని" అన్నాక ఆగండి. దుప్పట్లోంచి పిల్ల తల బయటపెట్టి అరవాలి. ఆ అరుపు దగ్గరే కథ ఆపేయండి. "తెలివి ఉంటే బలం అక్కర్లేదు" అని నీతి చేర్చారో, మోసం చేసింది కదమ్మా అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న సరైనదే, దానికి జవాబు తర్వాతి కథల్లో ఉంది.

ఇంకొక్కటి. ఈ కథ ఐర్లాండ్ సొంతం అని చెప్పకండి. సుమారు 1900 ఏళ్ళ కిందట గ్రీకు రచయిత ప్లూటార్క్ దీన్ని ఈసప్ కథగా ప్రస్తావించాడు. ఐర్లాండ్ సొంతం ఏమిటంటే, ఆ రాజును ఏడాదికొకసారి వేటాడటం.

మూడోది ద్రోహి కథ. రాజైన పిట్టను ఎందుకు చంపాలి? ఊరికొక కారణం చెబుతారు. సెయింట్ స్టీఫెన్ శత్రువులకి దొరక్కుండా ముళ్ళపొదలో దాక్కుంటే, రెన్ టిక్ టిక్ అని గోల చేసి పట్టించిందట. ఐరిష్ సైనికులు రాత్రివేళ, సముద్రం మీదుగా దండెత్తి వచ్చిన వైకింగుల శిబిరం మీదికి చప్పుడు లేకుండా పాకుతుంటే, రెన్ డోలు మీద పడ్డ రొట్టెముక్కలు పొడిచిందట, ఆ డబడబకి వైకింగులు మేలుకున్నారట. ఈ రెండో కథలో శత్రువు మారుతుంటాడు, కొన్నిచోట్ల క్రామ్‌వెల్ సైన్యం, కొన్నిచోట్ల విలియం రాజు సైన్యం. తరానికొక శత్రువు వచ్చాడు గానీ పిట్ట మారలేదు. మీరు పొద దగ్గర నిలబడి ఆ తిట్టు విన్నవాళ్ళైతే, దాక్కున్న మనిషి దగ్గర ఆ పిట్ట ఊరుకోదని ఒప్పుకుంటారు.

నాకు ఇష్టమైన కారణం వేరే ఉంది, తక్కువమంది చెబుతారు. సెయింట్ మోలింగ్ అనే సన్యాసికి ఒక పెంపుడు ఈగ ఉండేది. ఆయన తెల్లవారుజాము ప్రార్థన చేస్తుంటే అది జుమ్మని శ్రుతి పట్టేది. రెన్ ఆ ఈగను తినేసింది. రెన్‌ను పిల్లి తినేసింది. నా ఈగను చంపినదానికి పాడుబడ్డ ఇళ్ళూ, తడి గోడలే నివాసం కావాలి, మనుషులు దాన్ని వెంటాడాలి అని ఆయన శపించారు. కూలిన రాతి ఇంటి గోడల్లో రెన్ గూడు చూసినప్పుడల్లా నాకు ఆ ఈగ గుర్తొస్తుంది. పాడే పిట్ట పాడే ఈగను తిన్నదన్న బాధ ఆ కథలో ఉంది.

పాత రోజుల్లో మగపిల్లలు స్టీఫెన్స్ డే ముందు కర్రలతో కంచెలు కొట్టి నిజంగానే పిట్టను చంపి, హాలీ అనే ముళ్ళాకుల చెట్టు కొమ్మకి కట్టి ఇల్లిల్లూ తిప్పేవారు. మిగతా ఏడాదంతా దాని గూడు ముట్టుకుంటేనే చెడు జరుగుతుందన్న నమ్మకమూ వాళ్ళకే ఉండేది. చచ్చిపోతున్న ఏడాదికి గుర్తుగా రాజును బలివ్వడం అని కొందరు పండితులు అన్నారు. కావచ్చు, కానీ అది ఊహే. ఇప్పుడు పిట్టను చంపరు. ఐర్లాండ్‌లో 1976 వన్యప్రాణి చట్టం దానికి రక్షణ ఇస్తోంది. హాలీ కొమ్మ మీద కూర్చునేది బొమ్మ పిట్ట.

డిసెంబర్ 26, డింగిల్

ఈ పండగ ఇంకా ఊరంతటి పండగగా మిగిలిన చోటు కెర్రీలోని డింగిల్. ఊళ్ళో కొన్ని బృందాలు ఉన్నాయి, ఒక్కో బృందాన్నీ "ఒక రెన్" అంటారు. గ్రీన్ అండ్ గోల్డ్, స్రాడ్ ఓయిన్ అందులో రెండు. ఒక్కో రెన్‌కి దాని రంగులు, దాని జెండా. పిల్లంగ్రోవులు, డోళ్ళు ముందు, వెనకాల గడ్డితో అల్లిన అంగీలు, ముఖం మొత్తం కప్పే గడ్డి కుచ్చుటోపీలు. మధ్యలో "లార్ వాన్" అనే తెల్లగుర్రం వేషం, దవడలు టకటకలాడిస్తూ జనం మీదికి వస్తుంది. మధ్యాహ్నం మొదలై చీకటి పడ్డాక కూడా సాగుతుంది.

ఆ రోజు బస్సులు బాగా తక్కువ, ముందే చూసుకోండి. కారులో వెళ్తే పదకొండున్నరకల్లా చేరి ఊరి బయటే ఆపండి. నాలుగున్నరకే చీకటి పడుతుంది, వాన దాదాపు ఖాయం. పాత బట్టలు, వాన కోటు వేసుకోండి. గొడుగు వద్దు, ఇరుకు వీధుల్లో గడ్డి టోపీలకి తగులుతుంది. చిన్నపిల్లల్ని లార్ వాన్ ముందు నిలబెట్టకండి. ఐదేళ్ళ లోపు పిల్లలు గడ్డి ముఖాలు చూసి నిజంగా భయపడతారు. భయపడకుండా చేయడానికి మంచి దారి ముందురోజే ఇంట్లో ఒక కాగితపు ముసుగు వేసి తీసి చూపించడం.

ఫోటోలు తీయొచ్చు. ముసుగు వెనక ఎవరున్నారో కనిపెట్టినా పేరు పెట్టి పిలవకండి. ఆ రోజుకి అతను అతను కాదు. పగటివేషగాడి దగ్గర మనం పాటించే మర్యాదే ఇక్కడా. డబ్బా ముందుకొస్తే ఆ రెండు యూరోల బిళ్ళ వేయండి. ఇప్పుడు వసూలైన డబ్బు ఎక్కువగా సాయం పనులకి పోతుంది. పూర్వం ఆ డబ్బుతో విందు, నాట్యం పెట్టుకునేవారు. పాటలో అడిగేది మాత్రం "ర్యాన్‌ను పూడ్చడానికి ఒక పెన్నీ". పాట ఇలా మొదలవుతుంది, అర్థం తెలుగులో చెబుతాను:

ర్యాన్, ర్యాన్, పిట్టలన్నిటికీ రాజు,
స్టీఫెన్ రోజున ముళ్ళపొదలో దొరికాడు.

ఆ ముళ్ళపొద పేరు ఫర్జ్. డిసెంబర్‌లో కూడా అక్కడక్కడా పసుపు పూలు పూసి ఉంటుంది. డింగిల్ వెళ్ళే దారిలో కొండవాలు మీద కనబడితే కారు ఆపి పిల్లలకి చూపించండి. పాటలో మాట కళ్ళముందు ఉంటే మర్చిపోరు.

పల్లెల్లో ఉండేవాళ్ళకి ఇంకో సంగతి. వేషగాళ్ళు ఇంటికే రావచ్చు. నేను వచ్చిన మొదటి ఏడాది స్టీఫెన్స్ డే మధ్యాహ్నం తలుపు దబదబమని మోగింది. కిటికీలోంచి చూస్తే ముఖాలు లేని నలుగురు, డోలు. ఇంట్లో నేనూ పసిపిల్లా తప్ప ఎవరూ లేరు. గడియ వేసి వెనక గదిలో కూర్చున్నాను. వాళ్ళు ఒక పాట మొత్తం పాడి, కాసేపు ఆగి వెళ్ళిపోయారు. మర్నాడు డ్యూటీలో ఆ పెద్దాయనకి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాట పూర్తిగా పాడారా?" అని అడిగారు. పాడారన్నాను. "అయితే నీ ఇంటికి రావాల్సింది వచ్చింది," అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళు తడిశాయి. డిసెంబర్ 26 అంటే ధనుర్మాసం. మా ఊళ్ళో సరిగ్గా ఆ పొద్దున్నే హరిదాసు అక్షయపాత్ర తలమీద పెట్టుకుని వాకిట్లోకి వచ్చి ఉంటాడు, మా అమ్మ బియ్యంతో ఎదురెళ్ళి ఉంటుంది. నేను ఆ అమ్మ కూతురినై ఉండి తలుపు మూశాను.

కాబట్టి: తలుపు తీయండి. లోపలికి రమ్మనండి, వాకిట్లో నిలబెట్టకండి. ఒక పాటో నాట్యమో చేస్తారు, పూర్తయ్యేదాకా నిలబడి చూడండి. చిల్లర ముందే ఒక గిన్నెలో పెట్టుకోండి. టీ, క్రిస్మస్ కేకు ముక్క తీసుకుంటారా అని అడగండి, వద్దన్నా ఇంకోసారి అడగండి, ఇక్కడా మూడోసారికి గానీ ఒప్పుకోరు. నేను ఇప్పుడు సున్నుండలు పెడుతున్నాను. గడ్డి టోపీ కిందనుంచి చెయ్యి పోనిచ్చి తింటారు. ఒంటరిగా ఉండి భయమనిపిస్తే కిటికీ తీసి డబ్బు ఇచ్చి, పాట విని, థాంక్స్ చెప్పండి. అదీ మర్యాదే.

ఇంట్లో రెన్ పొద కట్టుకోవడం

ఇది మీరు ఏ దేశంలో, ఏ ఊళ్ళో ఉన్నా చేయొచ్చు. మూరెడు పొడవున్న హాలీ కొమ్మ కావాలి. హాలీ దొరకనిచోట ముదురాకుపచ్చగా ఉండే ఏ కొమ్మైనా సరే. దాన్ని చీపురుకట్ట కర్రకి తాడుతో బిగించండి. రంగు రిబ్బన్లు, మిగిలిపోయిన జాకెట్టు గుడ్డ పీలికలు వేలాడదీయండి. పిట్టకి గోధుమరంగు ఉన్ని ఉండ ఒకటి, నిమ్మకాయంత. ముక్కుకి లవంగం. తోకకి ఒక కోడి ఈక కత్తిరించి గుచ్చండి, నిటారుగా. తోక వాలితే అది ఇంకో పిట్ట అవుతుంది. కొమ్మ మధ్యలో, ఆకుల్లో సగం కనబడేలా కట్టండి. కొనమీద పెట్టకండి. పొదలోనే దాని బతుకు.

ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో ఇలాంటి రిబ్బన్ల పొద చుట్టూ ఇప్పటికీ అదే రోజున వీధుల్లో చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడతారు. వాళ్ళ కథలో టెహి టెగి అనే మాయలాడి మగవాళ్ళని మోహపెట్టి నదిలోకి నడిపించి ముంచేసి, తను రెన్‌గా మారి ఎగిరిపోయింది. అందుకే ఏటా దాని వేట. మగవాళ్ళని నీటిలో ముంచిన ఆ పిట్ట ఈకే నీటి గండం నుంచి కాపాడుతుందని జాలర్లు దాచుకునేవారు. ముంచినదే కాపాడాలి అన్న తర్కం మన గ్రామదేవతల దగ్గర పెరిగినవాళ్ళకి వింతగా ఉండదు.

వేల్స్ వెళ్తే కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియం చూడండి. మార్లోస్ అనే ఊరి నుంచి వచ్చిన 1869 నాటి రెన్ ఇల్లు అక్కడిది, రిబ్బన్లు కట్టిన చిన్న చెక్కపెట్టె. అక్కడ పిట్టను జనవరి 6 ప్రాంతంలో అందులో పెట్టి మోసేవారు. ఆ దేశపు పాత గాథల్లో, 14వ శతాబ్దపు రాతప్రతుల్లో దొరికే వాటిలో, ఒక తల్లి తన కొడుక్కి తాను పెడితే తప్ప పేరే ఉండకూడదని శపిస్తుంది. మారువేషంలో ఉన్న ఆ పిల్లవాడు పడవ మీద వాలిన రెన్‌ను కాలి నరానికీ ఎముకకీ మధ్య గురిచూసి కొడితే, ఆమె నవ్వి "ఆ తెల్లవాడి చెయ్యి ఎంత నేర్పైనది!" అంటుంది. ఆ మాటే వాడి పేరైపోయింది: లెయ్ లౌ గఫెస్. పిట్ట వల్ల నామకరణం జరిగిన కథ ఇది. బారసాలలో చెప్పదగ్గది.

పెద్దవాళ్ళని అడగడం

మీ పక్కింట్లో డెబ్బై దాటినవాళ్ళుంటే ఈ కథలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. "రెన్ దేనికి సంకేతం?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే ఎవరైనా నోరు మూసుకుంటారు. "మీరు చిన్నప్పుడు ర్యాన్‌కి వెళ్ళారా? ఏం వేసుకున్నారు? ఎంత వచ్చింది?" అని అడగండి. ఎంత వచ్చిందో నయాపైసలతో సహా చెబుతారు. అక్కణ్ణుంచి మిగతాదంతా దానంతటదే వస్తుంది. మా పెద్దాయన అమ్మ పాత పావడా తిరగేసి కట్టుకుని, ముఖానికి మసి పూసుకుని వెళ్ళారట.

అడగడానికి ఎవరూ లేకపోతే, 1937 నుంచి 1939 వరకు ఐర్లాండ్ ప్రాథమిక పాఠశాలల పిల్లలు తమ అమ్మమ్మ తాతయ్యలని అడిగి నోటుపుస్తకాల్లో రాసిన జానపద సంగతులున్నాయి. ఆ సంకలనం యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఉంది. డూకస్ అనే వెబ్‌సైట్‌లో ఆ పిల్లల చేతిరాతతోనే ఉచితంగా చదవొచ్చు. మీ ఊరి బడి పేరు వెతకండి, తర్వాత రెన్ అని వెతకండి. మీరు ఇప్పుడుంటున్న వీధిలోనే ఎనభై, తొంభై ఏళ్ళ కిందట ఎవరు ఏ పాట పాడారో దొరికితే, ఆ సాయంత్రం భోజనం దగ్గర చదివి వినిపించండి.

ఆ పెద్దాయన పోయి మూడేళ్ళైంది. మా ఇంటి వెనక కంచె ఆయన చెప్పినట్టే ఉంచుతున్నాను, కింది మోకాలెత్తు కత్తిరించకుండా, ఐవీ పీకకుండా. ఇక్కడి చట్టం ప్రకారం మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంచెపొదలు నరకకూడదు. మీరు కొత్తగా ఇల్లు కొనుక్కుని తోట శుభ్రం చేయించే ఆలోచనలో ఉంటే ఫిబ్రవరిలోనే పని ముగించండి, అప్పుడు కూడా కింద ఒక మూల గుబురుగా వదిలేయండి. మాకు ఆ మూల నైరుతిలో పడింది. శాస్త్రం ప్రకారం దొంగలొచ్చే దిక్కు. మా చిన్నది కంచెకి తూర్పు పక్కకి వెళ్ళి నిలబడి వింటుంది.